బోర్డో మిశ్రమం విరగకుండా కలపడం ఎలా?

"బోర్డో కొట్టాక చిగుళ్లు మాడిపోయాయి, మోతాదు ఎక్కువైందా?" "నాజిల్ పదే పదే మూసుకుపోతోంది, ఏం చేయాలి?" "రంగు నీలంగా కాకుండా ఆకుపచ్చగా వచ్చింది, వాడొచ్చా, పారబోయాలా?" బోర్డో మిశ్రమం అంటే మైలుతుత్తం, సున్నం నీళ్లలో కలిపి, మొక్కల శిలీంధ్ర తెగుళ్లను అడ్డుకోవడానికి కొట్టే మందు. దాని గురించి వచ్చే ప్రశ్నలు చాలావరకు ఈ మూడింటి చుట్టూనే తిరుగుతాయి. వీటికి మోతాదుతో పెద్దగా సంబంధం లేదు. తప్పు సాధారణంగా సున్నంలో ఉంటుంది, లేదా దేన్ని దేంట్లో పోశారన్న వరసలో ఉంటుంది. మైలుతుత్తం మోసం చేయడం అరుదు. అందుకే ఇక్కడ సున్నానికీ, కలిపే తీరుకీ, కలిపాక చేసే పరీక్షలకీ ఎక్కువ చోటిచ్చాం.

మైలుతుత్తం గురించి తెలియాల్సినంత

మైలుతుత్తం అంటే కాపర్ సల్ఫేట్. మనం చూసే నీలి పలుకుల్లో ఒక్కో కాపర్ సల్ఫేట్ అణువుకు ఐదేసి నీటి అణువులు అంటిపెట్టుకొని ఉంటాయి. బరువులో సుమారు 25 శాతం రాగి, 36 శాతం నీరు. సంచి మీద రాగి 24 లేదా 25 శాతం అని ఉంటే అది ఈ రకమే. 35 శాతం అని ఉంటే మాత్రం ఒకే నీటి అణువున్న రకం. అది కిలోకు బదులు 710 గ్రాములు చాలు. ఈ చిన్న అంకె చూడకుండా తూచి, మందు ఘాటుగా ఉందని బాధపడేవాళ్లు ఉన్నారు.

పొడి గాలిలో చాలాకాలం నిల్వ ఉంటే పలుకుల పైపొర తెల్లబారి పొడి రాలుతుంది. పాడైపోయిందనుకోకండి. పోయింది నీరే, రాగి అక్కడే ఉంది. పైపైన తెల్లబడితే తూకం మార్చక్కర్లేదు. నీలం ఛాయే లేకుండా తెల్లటి పొడి అయిపోతే మాత్రం 640 గ్రాములే కిలో పలుకులకు సమానం. తేమ పట్టి ముద్దకట్టిన సరుకు దీనికి తలకిందులు: తూకంలో నీరు కూడా కలిసి, రాగి తగ్గుతుంది.

నీళ్లలో కరిగిన మైలుతుత్తానికి ఆమ్ల గుణం ఉంటుంది, పీహెచ్ 4 దరిదాపుల్లో. ఇనుము, జింకు పూత రేకు, అల్యూమినియం తగిలితే వాటిని తినేసి, తనలోని రాగిని వాటి మీద పేరుస్తుంది. పాత్ర చిల్లు పడుతుంది, మందులో రాగి తగ్గుతుంది. అందుకే ప్లాస్టిక్, మట్టి, చెక్క, పింగాణీ పాత్రలు తప్ప మరేవీ వద్దు.

నీళ్లలో కరిగిన రాగి శిలీంధ్రాన్ని ఎలా చంపుతుందో ఆకునూ అలాగే మాడుస్తుంది. సున్నం ఆ రాగిని నీళ్లలో కరగని అతి సన్నని రేణువులుగా మార్చి ఆకుకు అతికిస్తుంది. మంచు పడ్డప్పుడు, వాన తడిసినప్పుడు ఆ రేణువుల్లోంచి రాగి కొద్దికొద్దిగా బయటికొచ్చి, ఆకు మీద మొలకెత్తబోయే శిలీంధ్ర బీజాలను చంపుతుంది. సిద్ధాంతం ఇంతకుమించి అక్కర్లేదు.

కావలసినవి (100 లీటర్ల 1 శాతం మిశ్రమానికి)

- మైలుతుత్తం: 1 కిలో
- సున్నం: నీళ్లు తగలని గడ్డ సున్నమైతే 1 కిలో. హైడ్రేటెడ్ లైమ్ అని సంచుల్లో వచ్చే మెత్తటి పొడి అయితే 1 నుంచి 1.25 కిలోలు
- నీళ్లు: 100 లీటర్లు
- 60 లీటర్లు పట్టే ప్లాస్టిక్ డ్రమ్ములు రెండు, 120 లీటర్లు పట్టేది ఒకటి
- కలపడానికి పొడవాటి కర్ర, వడకట్టడానికి పలచటి నూలు గుడ్డ, పలుకులు మూట కట్టడానికి గోనెగుడ్డ
- గ్రాముల్లో తూచే త్రాసు
- పూత లేని మామూలు ఇనుప మేకులు నాలుగైదు, గరుకు కాగితం, లిట్మస్ లేదా పీహెచ్ కాగితం
- రబ్బరు చేతొడుగులు, కళ్లద్దాలు, ముక్కుకు మాస్క్

తక్కువ కావాలంటే నిష్పత్తి అదే: 10 లీటర్లకు 100 గ్రాములు, 100 గ్రాములు. 16 లీటర్ల స్ప్రేయర్‌కు 160, 160. లేత మొక్కలకు, సున్నితమైన రకాలకు అర శాతం చాలు, అంటే 100 లీటర్లకు అర కిలో చొప్పున. గ్లాసులతో, డబ్బాలతో కొలవొద్దు. పెద్ద పలుకులు ఒక డబ్బా, మెత్తటి పొడి ఒక డబ్బా ఒకే బరువు తూగవు.

అన్నట్టు, కాపర్ ఆక్సీక్లోరైడ్ వేరు. అది ముందే కరగని రూపంలో ఉన్న మందు. దానికి సున్నం కలపాల్సిన పనిలేదు.

తూచకముందే సరుకు పరీక్షించండి

సున్నంతో మొదలుపెట్టండి. గాలి తగిలిన సున్నం మెల్లగా బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని సుద్దగా మారిపోతుంది. చూడ్డానికి అదే తెలుపు, అదే మెత్తదనం, పని మాత్రం సున్నా. చిటికెడు పొడిని గాజు గ్లాసులో వేసి కాస్త నీళ్లతో తడిపి, పైన వెనిగర్ పోయండి. మంచి సున్నం పెద్దగా పొంగకుండా కరుగుతుంది. బుసబుస నురగ వస్తే అందులో చాలా భాగం సుద్దే. అలాంటిది రెట్టింపు వేసి సర్దుకుందామనుకోవద్దు. లెక్క తేలదు, నాజిల్‌లో ఇసుక మిగులుతుంది.

గడ్డ సున్నానికి ఇంకో పరీక్ష కూడా ఉంది. గడ్డ మీద కొద్దిగా నీళ్లు చల్లితే కొద్ది నిమిషాల్లోనే వేడెక్కి, పగిలి, ఆవిరి కక్కుతూ పొడవ్వాలి. చల్లగా, గట్టిగా అలాగే ఉంటే అది సరిగ్గా కాలని రాయో, పాతబడిన సున్నమో.

మైలుతుత్తంలో ఇనుప లవణం కలిసిందేమో చూడాలంటే పావు చెంచా పొడిని గ్లాసు నీళ్లలో కరిగించి, అమ్మోనియా ద్రావణం చుక్కచుక్కగా వేయండి. మొదట లేత నీలం మడ్డి వస్తుంది. ఇంకా వేస్తూ పోతే ఆ మడ్డి కరిగి ముదురు సిరా రంగు తేట అవుతుంది. దాన్ని తెల్ల కాగితంలో వడకట్టి చూడండి. కాగితం మీద గోధుమరంగు జిగురు మడ్డి నిలిస్తే అది ఇనుము. లేశంగా ఉంటే ఫర్వాలేదు. కాగితం నిండా ఉంటే సరుకు వెనక్కి ఇచ్చేయండి. వాడిన గ్లాసును మళ్లీ తాగడానికి పెట్టొద్దు.

కలిపే పద్ధతి

1. మైలుతుత్తాన్ని వేలాడదీసి కరిగించండి. 60 లీటర్ల డ్రమ్ములో 50 లీటర్ల నీళ్లు పోయండి. పలుకులను గోనెగుడ్డలో మూట కట్టి, మూట నీటి పైభాగంలో మునిగేలా కర్రకు వేలాడదీయండి. మూట నుంచి నీలి తీగలు సాగుతూ అడుక్కి దిగడం కనిపిస్తుంది. ఆ ద్రావణం నీటికన్నా బరువు కాబట్టి తనంతట తానే కిందికి జారుతుంది, మూట చుట్టూ ఎప్పుడూ కొత్త నీరు చేరుతుంది. పలుకులను అడుగున కుమ్మరిస్తే జరిగేది దీనికి విరుద్ధం: వాటి చుట్టూ చిక్కటి ద్రావణం పేరుకొని, కరగడం అక్కడితో ఆగిపోతుంది. వేలాడదీసిన పెద్ద పలుకులు రాత్రికి రాత్రే కరిగిపోతాయి. మెత్తటి పొడి అయితే కలుపుతూ ఉంటే నిమిషాల్లో పని అవుతుంది.

   తొందరగా కావాలంటే ఐదు లీటర్ల వేడినీళ్లలో కిలో కరిగించి, తర్వాత చన్నీళ్లు పోసి 50 లీటర్లు చేయండి. 20 డిగ్రీల దగ్గర 100 మిల్లీలీటర్ల నీటిలో సుమారు 32 గ్రాముల పలుకులు కరుగుతాయి, మరిగే నీటిలో 114 గ్రాముల దాకా. అయితే ద్రావణం చల్లారేదాకా రెండో మెట్టు దాటొద్దు. బోరు నీళ్లలో కరిగించినప్పుడు కాస్త పాలపొంగులాంటి మసక వస్తే కంగారు పడక్కర్లేదు. అది నీటిలోని క్షారానిది.

2. సున్నం విడిగా తడపండి. గడ్డ సున్నాన్ని వెడల్పాటి మట్టి లేదా పింగాణీ తొట్టిలో పరిచి, నీళ్లు కొద్దికొద్దిగా చల్లండి. ఉడికి పొడి అయ్యాక మరికొన్ని నీళ్లు పోసి మెత్తటి ముద్ద చేయండి. ఒకేసారి ముంచేస్తే పైపొర తడిసి లోపల గడ్డ గడ్డగానే ఉంటుంది. నీళ్లు మరీ తక్కువైతే మాడి పలుకులు కడుతుంది. ఉడికేటప్పుడు సున్నం చిమ్ముతుంది, ఆ చుక్క కంట్లో పడితే చూపు పోవచ్చు. కళ్లద్దాలు లేకుండా తొట్టి మీదికి వంగొద్దు. మూత ఉన్న డబ్బాలో, సీసాలో సున్నం ఎప్పుడూ తడపొద్దు, ఆవిరికి పేలుతుంది. పలచటి ప్లాస్టిక్ తొట్టి ఆ వేడికి వంగిపోతుంది.

   హైడ్రేటెడ్ లైమ్‌కు ఈ బాధ లేదు. కొద్ది నీళ్లలో ముద్ద చేసి, ఉండలు లేకుండా చిదిమితే చాలు. ఇంట్లో చిన్న మొత్తాల్లో చేసుకునేవాళ్లకు ఇదే మేలు.

3. చల్లారనివ్వండి, వడకట్టండి. సున్నం ముద్దను నీళ్లలో కలిపి, రెండు మడతల గుడ్డలో రెండో 60 లీటర్ల డ్రమ్ములోకి వడకట్టండి. చివరకు మొత్తం 50 లీటర్ల సున్నపు పాలు కావాలి. గుడ్డలో మిగిలిన గరుకు పలుకులు కాలని రాయి. అవే నాజిల్‌ను మూసేవి. మిగిలింది గుప్పెడు దాటితే దాన్ని తూచి, అంత సున్నం మళ్లీ తడిపి కలపండి. లేదంటే మీరు కిలో అనుకున్నది ముప్పావు కిలోనే అవుతుంది.

4. రెండూ చేతికి చల్లగా తగిలాయా చూడండి. డ్రమ్ము బయట అరచేయి ఆనించండి. ఏ ఒక్కటి గోరువెచ్చగా ఉన్నా ఆగండి. వేడిలో కలిపితే రేణువులు లావుగా పెరుగుతాయి. మరీ వేడైతే రాగి నల్లటి ఆక్సైడ్‌గా మారి మిశ్రమం బూడిద రంగుకు తిరుగుతుంది. దాన్ని బాగుచేయడం కుదరదు.

5. రెండింటినీ ఒకేసారి మూడో డ్రమ్ములో పోయండి. ఇద్దరుంటే ఇదే ఉత్తమం. ఒకరు మైలుతుత్తం, ఒకరు సున్నపు పాలు, సన్నని ధారగా సమానంగా పోయాలి. మధ్యలో కర్రతో తిప్పుతూనే ఉండాలి. సున్నం అడుక్కి దిగుతుంది కాబట్టి పోసే ముందు, పోస్తున్నంతసేపూ ఆ డ్రమ్మును కలపండి.

   ఒక్కరే ఉంటే సున్నపు పాలను పెద్ద డ్రమ్ములోకి మార్చి, అందులోకి మైలుతుత్తం ద్రావణాన్ని మగ్గుతో కొద్దికొద్దిగా పోస్తూ కలపండి. సున్నాన్ని మైలుతుత్తంలో పోయొద్దు. తప్పులన్నిటిలో ఎక్కువగా కనిపించేది ఇదే. అలా చేస్తే రేణువులు ఆమ్ల ద్రావణంలో పుడతాయి, లావుగా పచ్చగా వస్తాయి, తొందరగా అడుక్కి దిగుతాయి, ఆకుకు సరిగా అతకవు. సున్నం ఉన్నచోటికి రాగి వచ్చి చేరితే మొదటి చుక్క నుంచి చివరి చుక్క దాకా సున్నానిదే పైచేయి.

   రెండు చిక్కటి ద్రావణాలను కలిపి, తర్వాత నీళ్లు పోసి పలచన చేద్దామనే ఆలోచన కూడా మానుకోండి. ముద్దలు ముద్దలుగా విరిగిన పాలలా తయారవుతుంది. ఎన్ని నీళ్లు పోసినా ఆ ముద్దలు విడవవు.

6. ఐదు నిమిషాలు కలిపి, పరీక్ష చేయండి. పరీక్ష కాకుండా స్ప్రేయర్‌లో పోయకండి.

సరిగ్గా వచ్చిందో లేదో చూసే విధానం

*మేకు పరీక్ష.* మేకును గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, నూనె జిడ్డు లేకుండా తుడవండి. మిశ్రమంలో ఒకటి రెండు నిమిషాలు ముంచి తీసి నీళ్లతో కడగండి. మెరుపు అలాగే ఉంటే మిశ్రమం పనికొస్తుంది. ఎర్రటి రాగి పూత కనిపిస్తే కట్టుబడని రాగి ఇంకా మిగిలి ఉందని అర్థం. ఆకులు మాడేది దీనివల్లే.

ఈ పరీక్ష కూడా తప్పుదోవ పట్టించగలదు. జింకు పూత మేకు, స్టెయిన్‌లెస్ స్టీలు కత్తి, జిడ్డు మేకు, తుప్పు మేకు ఏవీ నమ్మదగ్గవి కావు. స్టెయిన్‌లెస్ కత్తి ముంచి "ఏమీ అంటలేదు" అని పిచికారీ చేసి ఆకులు పోగొట్టుకోవడం మామూలే. మీ మేకు నికరమైనదో కాదో తెలియాలంటే అదే పొట్లంలోని ఇంకో మేకును వట్టి మైలుతుత్తం ద్రావణంలో ముంచండి. వెంటనే ఎర్రబడితే మేకు మంచిదే.

*కాగితం పరీక్ష.* ఎర్ర లిట్మస్ నీలంగా మారాలి. నీలి లిట్మస్ ఎర్రబడితే సున్నం చాలలేదు. పీహెచ్ కాగితమైతే 7కు పైనే చూపాలి. తాజా సున్నంతో 1:1లో కలిపితే 10 దాటడం సహజమే.

*గ్లాసు పరీక్ష.* కొద్దిగా మిశ్రమాన్ని పొడవాటి గాజు గ్లాసులో అరగంట కదపకుండా ఉంచండి. మంచి మిశ్రమం నెమ్మదిగా దిగుతుంది, అరగంట తర్వాత కూడా గ్లాసులో చాలా భాగం మబ్బుగానే ఉంటుంది. కొద్ది నిమిషాల్లోనే అడుగున మందంగా పేరుకుంటే రేణువులు లావు. పైన తేరిన నీటిని చూడండి, రంగు లేకుండా ఉండాలి. అందులో రెండు చుక్కల అమ్మోనియా వేయగానే నీలం తేలితే కరిగిన రాగి ఉన్నట్టే. మేకు పట్టలేని కొద్దిపాటి రాగిని కూడా ఈ పరీక్ష బయటపెడుతుంది. అయితే అమ్మోనియాను పైన తేటలోనే వేయాలి. అడుగు మడ్డిలో పడితే మడ్డిలోని రాగే కరిగి, ఎంత మంచి మిశ్రమమైనా నీలం చూపిస్తుంది.

మేకు ఎర్రబడితే చిక్కటి సున్నపు పాలు 200 మిల్లీలీటర్ల చొప్పున పోసి, ఐదు నిమిషాలు కలిపి, కొత్త మేకుతో మళ్లీ చూడండి. పాత మేకు మీద అప్పటికే రాగి ఉంటుంది, దాంతో ఏమీ తెలియదు. లెక్క ప్రకారం కిలో మైలుతుత్తంలోని రాగిని పూర్తిగా కట్టేయడానికి స్వచ్ఛమైన హైడ్రేటెడ్ లైమ్ 300 గ్రాములు చాలు. మనం వేసేది కిలో. అంత వేశాక కూడా మేకు ఎర్రబడిందంటే, ఆ సున్నాన్ని ఇంకా పోస్తూ కూర్చోవడం కన్నా మార్చడం నయం.

రంగు చూసి ఏం తెలుస్తుంది

ఆకాశ నీలం, పలచని జిగట: బాగుంది. పచ్చగా తిరిగితే సున్నం తక్కువ, లేదా వరస తప్పింది, లేదా మైలుతుత్తంలో ఇనుముంది. మేకు పరీక్ష చేసి, సున్నం సరిచేస్తే నీలానికి తిరుగుతుందేమో చూడండి. తిరగకపోతే, పైగా అడుక్కి తొందరగా దిగుతుంటే, వదిలేయండి. బూడిద రంగు, నలుపు ఛాయ వస్తే వేడిలో కలిపారు. వంకాయ రంగు ఛాయ కొట్టే నీలం వస్తే సున్నం బాగా ఎక్కువైంది. ఆకును మాడ్చదు కానీ రాగి మెల్లగా విడుదలై, మందు పని ఆలస్యంగా మొదలవుతుంది.

రోజూ వాడేవాళ్లకు నిల్వ ద్రావణాలు

కలిపిన మిశ్రమాన్ని నిల్వ చేయలేం. గంటలు గడిచేకొద్దీ సన్నని రేణువులు పలుకులుగా పెరిగి అతుకు గుణం పోతుంది. ఆ రోజుది ఆ రోజే వాడాలి, మరుసటి రోజుకు మిగిలింది పనికిరాదు. విడివిడి ద్రావణాలు మాత్రం నిలుస్తాయి. మైలుతుత్తం కిలో 10 లీటర్ల నీటికి కరిగించి, మూత బిగించిన ప్లాస్టిక్ క్యాన్‌లో ఉంచండి. నీటి మట్టం దగ్గర గీత గీయండి. నీరు ఆవిరై మట్టం దిగితే గీత దాకా మళ్లీ నీళ్లు పోయాలి, లేకపోతే ప్రతిసారీ ఘాటు పెరుగుతూ పోతుంది. సున్నం కిలో 10 లీటర్లకు కలిపి, మూత పెట్టి, పైన తేట నీరు నిలిచేలా ఉంచండి. ఆ తేట పొర గాలిని ఆపుతుంది.

10 లీటర్ల మిశ్రమం కావాల్సినప్పుడు: మైలుతుత్తం నిల్వ నుంచి ఒక లీటరు తీసి 4 లీటర్ల నీళ్లు కలపండి. సున్నం నిల్వను అడుగు నుంచి బాగా కలిపి, ఒక లీటరు తీసి 4 లీటర్ల నీళ్లు కలపండి. తర్వాత పైన చెప్పిన వరసలోనే, మొదటిదాన్ని రెండోదానిలోకి. క్యాన్‌ల మీద పెద్ద అక్షరాలతో విషమని రాయండి. తాగునీటి సీసాల్లో ఈ ద్రావణం ఎప్పుడూ పోయొద్దు.

కొమ్మల గాయాలకు బోర్డో పేస్ట్

కత్తిరింపు గాయాలకు, బంక కారే మొదళ్లకు పూయడానికి కిలో మైలుతుత్తం, కిలో సున్నం, మొత్తం 10 లీటర్ల నీళ్లు. ఐదు లీటర్లలో ఒకటి, ఐదు లీటర్లలో మరొకటి. ఇక్కడ చిక్కదనమే కావాలి కాబట్టి ముద్దగా ఉందని పలచన చేయొద్దు. బంక తెగులుకైతే కుళ్లిన బెరడును ఆరోగ్యమైన భాగం కనిపించేదాకా చెక్కి, తుడిచి, గాయం అంచులు దాటి రెండు అంగుళాల మేర కుంచెతో పూయండి. తడి బెరడు మీద నిలవదు. ఇనుప డబ్బాలో కలిపి కుంచె ముంచుకుంటూ పోయే అలవాటు ఇక్కడే ఎక్కువ, ప్లాస్టిక్ మగ్గు తీసుకోండి.

మంచి సున్నం దొరక్కపోతే

బట్టల సోడా అదే పని చేస్తుంది. దీన్ని బర్గండీ మిశ్రమం అంటారు. కిలో మైలుతుత్తానికి నీరున్న సోడా స్ఫటికాలైతే 1.15 నుంచి 1.25 కిలోలు, నీరులేని సోడా యాష్ అయితే 450 నుంచి 500 గ్రాములు. కలిపేటప్పుడు బుడగలు లేస్తాయి, పాత్రలో పైన ఖాళీ ఉంచండి. సున్నంలా గరుకు పలుకులు ఉండవు, నాజిల్ మూయదు. కానీ ఆకుకు బోర్డో అంత గట్టిగా అతకదు, ఇంకా తొందరగా పలుకులు కడుతుంది. కలిపిన వెంటనే కొట్టేయాలి. సోడా మరీ ఎక్కువైతే అదే ఆకును మాడుస్తుంది. అందుకని ఇక్కడ "కాస్త ఎక్కువైనా ఫర్వాలేదు" అనే సున్నపు ధీమా పనికిరాదు, లిట్మస్ తప్పనిసరి.

పిచికారీ

బోర్డో రాకముందు అడ్డుకునే మందు, వచ్చాక నయం చేసేది కాదు. బూజు తెగులు, ఆకుమచ్చ, నిమ్మజాతి గజ్జి తెగులు లాంటివాటికి వానలకు ముందు కొడితేనే ఫలితం. ఆకు లోపలికి చేరిన తెగులును ఇది తాకలేదు. ఆకు అడుగున కూడా తడవాలి, బీజాలు ఎక్కువగా మొలకెత్తేది అక్కడే.

పూత మీద కొట్టొద్దు. లేత చిగుళ్ల మీద ముందు ఒక కొమ్మకు కొట్టి రెండు మూడు రోజులు చూడండి. చల్లటి మబ్బు వాతావరణంలో, ఆకు ఆరడానికి గంటలు పట్టే రోజుల్లో మంచి మిశ్రమం కూడా కొన్ని మొక్కలను మచ్చలు పడేలా చేస్తుంది. పీచ్ చెట్లకు ఆకుల మీద అసలు వద్దు, ఆకులు రాల్చేస్తాయి. కొట్టేటప్పుడు స్ప్రేయర్‌ను ఊపుతూ ఉండండి, లేకపోతే మొదటి వరసకు నీళ్లు, చివరి వరసకు మడ్డి వెళ్తాయి.

ఆరాక ఆకు మీద లేత నీలి పొర కనిపించాలి. అది పూర్తిగా ఎండాక ఒక ఆకు తెంపి, నీటి ధార కింద పట్టి చూడండి. పొర ఇట్టే కొట్టుకుపోతే మీ మిశ్రమంలో రేణువులు లావుగా ఉన్నాయన్నమాట, మొదటి వానకే పోతుంది.

వేరే పురుగుమందులు ఇందులో కలపొద్దు. ఇంత క్షారంలో చాలా మందులు విచ్ఛిన్నమైపోతాయి. సున్నం గంధకం ద్రావణంతో అసలే వద్దు.

ఒక లెక్క గుర్తుంచుకోండి. 100 లీటర్ల మిశ్రమంలో 255 గ్రాముల రాగి ఉంటుంది. హెక్టారుకు 500 లీటర్లు కొడితే సుమారు 1.27 కిలోలు. రాగి నేలలో కుళ్లిపోదు, ఏటికేడు పేరుకుంటుంది, వానపాములకు చేటు. యూరోపియన్ యూనియన్ హెక్టారుకు ఏడేళ్లలో మొత్తం 28 కిలోల రాగి దాటకూడదని పరిమితి పెట్టింది, అంటే సగటున ఏడాదికి 4 కిలోలు. మూడు పిచికారీలతోనే దాదాపు అక్కడికి చేరతారు.

ప్రమాదాలు, కడగడం

మైలుతుత్తం మింగితే విషం, కొద్ది గ్రాములే ప్రాణం మీదికి తెస్తాయి. పొరపాటున మింగితే వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా, సంచిని కూడా వెంట తీసుకొని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. కంట్లో మైలుతుత్తం గానీ సున్నం గానీ పడితే రెప్పలు తెరిచి పట్టి కనీసం 15 నిమిషాలు నీటి ధారతో కడుగుతూ ఉండి, ఆ తర్వాత తప్పకుండా వైద్యుడికి చూపించండి. నొప్పి తగ్గిందని సున్నం పడ్డ కంటిని వదిలేయొద్దు, కాలడం లోపల సాగుతూనే ఉంటుంది.

చేపలకు, నీటి జీవాలకు ఇది చాలా తక్కువ మోతాదులోనే ప్రాణాంతకం. స్ప్రేయర్‌ను చెరువులో, కాలువలో కడగొద్దు. కడిగిన నీళ్లను పిచికారీ చేసిన చోటే చల్లేయండి. నీళ్లతో రెండుసార్లు కడిగాక, నీళ్లు కలిపిన వెనిగర్‌ను ట్యాంకులో పోసి నాజిల్ గుండా కాసేపు నడపండి. లోపల అంటుకున్న సున్నపు పొర కరిగిపోతుంది. తర్వాత మళ్లీ మంచినీళ్లు నడపండి. నాజిల్ విప్పి జల్లెడను విడిగా వెనిగర్‌లో నానబెట్టి, మెత్తటి బ్రష్‌తో రుద్దండి. మేకుతో, సూదితో పొడిస్తే రంధ్రం పెద్దదై తర్వాతి పిచికారీలో చుక్కలు లావుగా పడతాయి.